ఏకహస్తము - పంచశరీరములు

ఒక్కడు ఒకే కాలమున పెక్కు శరీరములతో పని చేయవచ్చునా, చేసినచో ఆ పనుల ఫలమునకెల్ల వాడే అర్హుడగునా యను విచారము మన శాస్త్రములకు క్రొత్తది కాదు. యోగులను గూర్చియు, ముక్తులను గూర్చియు, ఒకే వేళ పలుచోట్ల జరుగు యాగములయందు హవిస్సు నందుకొను దేవతలను గూర్చియు పూర్వులు ఈ విచారము చేసియే యున్నారు. అయితే ఇది నాకొక బాలుని ఆటబల్లయొద్ద ఎదురగునని నేనెన్నడును తలపలేదు. ఎదురైననాడు నేను చెప్పిన సమాధానము సరియైనది కాదని ఇప్పుడు తోచుచున్నది. అందుచేత ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

2019వ సంవత్సరపు వేసవిలో అమెరికాదేశమున డల్లాసు నగర సమీపముననున్న మా అమ్మాయి యింట మూడు మాసములుంటిని. దౌహిత్రునికి అప్పటికి పదునారేండ్లు. సంధ్యావందనము మానడు, తక్కిన తీరిక యంతయు కంప్యూటరునకే. వాడాడు ఆట పేరు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్. బ్లిజార్డ్ అను సంస్థ దానిని 2004వ సంవత్సరము నవంబరులో వెలువరించినది. దేశదేశముల ఆటగాండ్రు ఇంటర్నెట్ మూలమున ఒకే కల్పితలోకమున ప్రవేశించి, ఒక్కొక్కరొక్కొక్క వేషము ధరించి సంచరింతురు. అందు దుర్గములు కలవు. వానిలోనికి అయిదుగురు కలిసి పోవలెను. ఒకడు ముందు నిలిచి శత్రువుల దెబ్బలను తనపై వేసికొనును. ఒకడు గాయములను మాన్పుచుండును. తక్కిన ముగ్గురు కొట్టుదురు. ఒక్కొక్క ఖాతాకు నెలకు సుమారు పదునైదు డాలర్ల చందా.

మావాని బల్లపై మూడు కంప్యూటర్లుండెను. ఒకటి క్రొత్తది, రెండు ఇంటిలో పాతబడి మూలనున్నవి. మూడింటియందును కలిపి అయిదు కిటికీలు, అయిదింటియందు అయిదుగురు వీరులు. ఆ అయిదుగురును మావాడే!

"నీ స్నేహితులేరి నాయనా?" యని అడిగితిని.

"ఇదివరకు ఉండేవాళ్లు తాతగారూ. ఒకడికి పరీక్షలు, ఒకడు టైముకు రాడు. ఇప్పుడు ఎవరి కోసమూ ఆగక్కర్లేదు" అని వాడు చెప్పెను.

ఈ పనికుపకరించు సాఫ్ట్‌వేర్లు కొన్ని కలవు. హాట్‌కీనెట్, ఐఎస్‌బాక్సర్ అనునవి వానిలో పేరుపొందినవి. పద్ధతి సామాన్యముగ నొక్కటే. ఇంటిలోని నెట్‌వర్కు ద్వారా కంప్యూటర్లన్నియు కలిసియుండును. మొదటిదానిపై మూడవ అంకెగల మీటను నొక్కినచో ఆ వార్త క్షణకాలములో తక్కినవానికి చేరి, ప్రతి కిటికీయందును ఆ మీటయే నొక్కబడినట్లగును. అయితే ఒకే మీటకు ఒక్కొక్క వీరునియందు ఒక్కొక్క పనిని ముందుగనే నియమింపవచ్చును. మూడవ మీటకు ముందువాడు కత్తి విసరును, వైద్యుడు చికిత్స చేయును, మిగిలినవారు మంత్రాగ్నులు గురియింతురు. నాయకుని వెంట నడువుడని ఒక ఆజ్ఞ. నాయకుడు గురిపెట్టినవానికే మీరును గురిపెట్టుడని మరియొక ఆజ్ఞ. నడక మీటలను పంపి ప్రయోజనము లేదు. ఒకడు తూర్పునకు, ఒకడు ఉత్తరమునకు తిరిగియున్నచో 'ముందునకు' అను ఆజ్ఞ అయిదుగురిని అయిదు దిక్కులకు గొనిపోవును గదా! సంభాషణకై కొట్టిన అక్షరములు సయితము అందరికి పోయినచో అయిదుగురును ఒకే మాటను ఒకేసారి పలుకుదురు. మొదటి దినములలో మావానికట్లే జరిగి నలుగురిలో నవ్వులపాలైనాడట.

మా పాఠశాలలో గురువుగారు సంత చెప్పు తీరు నాకు జ్ఞప్తికి వచ్చినది. వారొక్కసారి పలుకగా పదిమందిమి రెండుసార్లు పలికెడివారము. అయితే ఆ పదిమందిలో ఒక్కని స్వరము జారినను వారి చెవికి తెలిసెడిది.

"ఇది మోసమని కొందరు తిడుతున్నారు. మోసమేనా తాతగారూ?" అని వాడడిగెను. ఆనాటికి ఆ సంస్థవారు దీనిని నిషేధింపలేదు. ఒక మీటకు ఒక్కొక్క వీరుడు ఒక్కొక్క పని మాత్రమే చేయవలెనని వారి నియమము. కాబట్టి ప్రశ్న చట్టమునకు సంబంధించినది కాదు, ధర్మమునకు సంబంధించినది. నేను వెంటనే మీమాంసను విప్పితిని. జైమిని సూత్రములలో పదునొకండవ యధ్యాయమంతయు తంత్రవిచారమే. ఒకసారి చేసిన పని పెక్కింటికుపకరించినచో అది తంత్రము. ఒక్కొక్కదానికి మరల మరల చేయవలసివచ్చినచో అది ఆవాపము. శబరస్వామి చూపిన దృష్టాంతములు మిక్కిలి హృద్యములు. పెక్కుమంది బ్రాహ్మణుల నడుమ నుంచిన దీపమొక్కటియే అందరికిని వెలుగిచ్చును; గంధము మాత్రము ఎవరి మేనికి వారికి పూయవలసినదే. పూర్ణిమనాటి ప్రధానయాగములు మూడింటికిని ప్రయాజములొక్కసారియే చాలును. "నీ మీట దీపము వంటిది. ఒకసారి నొక్కితివి, అయిదుగురికి వెలుగైనది. దోషము లేదు" అంటిని.

వాడు పొంగిపోయెను. నాకును ఎందులకో మనస్సు తేలికపడినది. ఎందులకో యని ఆనాడు పరీక్షించుకొనలేదు.

మరునాటి సాయంకాలము వాని వెనుక కూర్చుండి చూచుచుంటిని. నాయకుడొక గుట్టను దాటి శత్రువులపై బడెను. నలుగురి వెలుగులు కనబడుచున్నవి, అయిదవవాడు లేడు. చూడగా, పాత కంప్యూటరులోని వాడు ఒక రాతికి అడ్డుపడి, మీట నొక్కినప్పుడెల్ల ఎదుట ఎవరును లేకున్నను చేయి విసరుచు అచటనే నిలిచియున్నాడు. మావానికది పోరు ముగిసిన పిమ్మటగాని తెలియలేదు. "పాపమా బాలుడు వెనుకబడినాడే!" యంటిని. వాడు నవ్వి, "వాడూ నేనే కదా తాతగారూ" అనెను. ఆ మాటకు నేను నవ్వలేకపోయితిని.

2020వ సంవత్సరము నవంబరులో వాడు టెలిఫోను చేసెను. ఒక మీటను అనేకులకు ప్రతిబింబింపజేయు సాఫ్ట్‌వేర్లను సంస్థవారు నిషేధించిరట. వాడినచో ఖాతాలు పోవునట. అంతరిక్షనౌకలతో ఆడు ఈవ్ ఆన్‌లైన్ అను ఆటయందు, దానిని నడుపు ఐస్‌లాండుదేశపు సంస్థవారు 2015 జనవరి 1 నుండియే ఇట్టి నిషేధము పెట్టియున్నారని కూడ వాడే చెప్పెను. "మీరు దోషం లేదన్నారు కదా!" యను మాటలో కొంత నిష్ఠురముండెను.

విశేషమేమనగా, ఈ రెండు సంస్థలును అయిదు ఖాతాలు పెట్టుకొనుటను నిషేధింపలేదు. ఒక్కడే కూర్చుండి, ఒక కిటికీనుండి మరియొకదానికి మారుచు, దేని మీటను దానికి తన చేతితో నొక్కుకొనవచ్చును. శరీరములకు మితి లేదు. ఒక చేష్ట ఒక్క శరీరమునకే చెల్లవలెను. అనగా ఇది దీపము కాదు, గంధమని వారు తేల్చిరన్నమాట. మీమాంస చదువని వారు మీమాంస చదివిన నాకంటె సూక్ష్మముగ చూచిరేమో!

నిషేధమునకు వారు చెప్పిన కారణము, ఈ సాఫ్ట్‌వేర్లు మనుష్యుడు లేకయే యంత్రమే ఆడు ఆటకు తోడ్పడుచు తక్కినవారికి చెరుపు చేయుచున్నవని. ఆ చెరుపెట్టిదో మావాడే విడమరచి చెప్పెను. ఆ లోకమున మూలికలను కోసి, ఖనిజములను త్రవ్వి, అంగడిలో నమ్ముకొందురు. ఇదివరకు ఒక మొక్కను ఒకడు కోసికొన్నచో మరియొకనికి మిగులదు. తరువాత ఆటగాండ్రు కొట్లాడుకొనకుండ ఒకే మొక్కను పలువురు కోసికొనునట్లు మార్చిరి. మంచి తలంపే. కాని పదిమంది వీరులను వెంటబెట్టుకొని తిరుగువాడు ఒక మొక్కయొద్ద ఒక్క మీట నొక్కి పదిపాళ్లు కోయును. అంగడిలో మూలికల ధర పడిపోవును. బడినుండి వచ్చి గంటసేపు ఒంటరిగ కోసికొను బాలుడు వెనుకటి బంగారము రావలెనన్న మరి రెండు గంటలు తిరుగవలెను. ఆటలోని బంగారముతోనే చందా చెల్లించు పద్ధతి 2015 నుండి యుండుటచేత, మావాని అయిదు చందాలలో కొన్ని ఇట్లే తీరుచుండెనని అప్పుడు తెలిసినది. "అయిదుగురికీ డబ్బు కడుతున్నాను కదా" యను వాని వాదమునకు ఇంతకంటె వేరు ఉత్తరమక్కరలేదు.

ఇక నా సంగతి. 1986 ప్రాంతమున కృష్ణామండలమున ఒక గ్రామములో ఉంటిని. జీతము స్వల్పము. అయిదు గృహములవారు వేరువేరుగ వచ్చి తమ తమ క్షేమమునకై విష్ణుసహస్రనామము మండలము దినములు పారాయణము చేయుమని కోరిరి. అయిదు మండలములు చేయుటకు ఓపిక లేక, ఉదయమొక్కసారి కూర్చుండి, సంకల్పమున అయిదు గోత్రములను చెప్పి, ఒక్క పారాయణము చేసి, అయిదు సంభావనలు స్వీకరించితిని. తంత్రమే కదా యనుకొంటిని! ఆ అయిదుగురిలో ఒక వృద్ధురాలు కుమారుని వ్యాధి నిమిత్తమై కోరినది. ఆమె ప్రతిదినమును గుమ్మమున నిలిచి, "ఇవాళ మావాడి పేరు చెప్పారా అయ్యగారూ?" అని అడిగెడిది. చెప్పితిననెడివాడను. అబద్ధము కాదు. నలువది దినములలో ఆ పేరు పలుకునప్పుడు నా మనస్సు ఒక్కమారైనను వానియొద్ద నుండెనా యన్నచో, చెప్పలేను.

తంత్రమునకు దేశము, కాలము, కర్త యొక్కటి కావలెనని శాస్త్రము. పూర్ణిమనాడు చేసిన ప్రయాజములు అమావాస్యనాటి యాగమునకు పనికిరావు, మరల చేయవలసినదే. ఈ లెక్కను చూచినచో మావాని పక్షమే నా పక్షముకంటె బలమైనది. వానియొద్ద కర్త యొక్కడే, కాలమొక్కటే, అయిదు శరీరములకు సొంతదారొక్కడే. నాయొద్ద యజమానులయిదుగురు, ఒకరి సంగతి మరియొకరికి తెలియదు. తెలిపియుండినచో ముగ్గురైనను ఒప్పుకొనియుందురు. అన్నవరమున వరుసలుగ కూర్చున్న దంపతులకు ఒక పురోహితుడు మైకులో వ్రతము చెప్పుట తగునా యని కొందరడుగుచుందురు. అందు దోషమేమి? అందరును చూచుచునే యున్నారు. పూవు వేయు చేయి ఎవరిది వారిదే. నేను దాచితిని. బాలుడడిగిననాడు దీపదృష్టాంతము నా నాలుకపై అంత సులభముగ నిలుచుటకు కారణమిది. ముప్పదిమూడేండ్లనుండి దానిని నాకొరకే సిద్ధముగ నుంచుకొంటిని.

మరి బహుశరీరధారణము ఎప్పుడు శోభించును? విష్ణుపురాణమున సౌభరి మహర్షి కథ కలదు. మాంధాత కుమార్తెలు ఏబదిమందిని వివాహమాడి, ఏబది మేడలలో ఏబది రూపములతో నివసించెను. తండ్రి వచ్చి ఒక్కొక్క కుమార్తెను క్షేమమడుగగా, ప్రతి బాలికయు ఒకే దుఃఖమును చెప్పినది: భర్త నన్నెన్నడును విడిచి పోడు, నా సోదరీమణులు ఎంత ఒంటరివారైరో యని. ఏబదిలో ఏ యొక్కతెయు రాతికి అడ్డుపడి వెనుక మిగులలేదు. ముక్తుడు పెక్కు శరీరములను ధరించుటను గూర్చిన బ్రహ్మసూత్రమునకు భగవద్రామానుజులు చెప్పిన యర్థమును ఇచట తలపవలెను. జీవుడు ఒకచోటనే యున్నను, దీపము ఒకచోటనుండి తన కాంతిచే వ్యాపించినట్లు, తన జ్ఞానముచే ఆ శరీరములన్నిటియందును నిండియుండునని వారు వివరించిరి. అచటను దీపమే దృష్టాంతము. అయితే వ్యాపించునది ఎరుక. నా దీపమున వ్యాపించినది చేష్ట మాత్రమే. మీట అయిదు కిటికీలకు చేరినది. చూపు ఒక్కదానియందే నిలిచినది. మీట చేరుటకు తీగ చాలును. చూపును పంపు సాఫ్ట్‌వేర్ ఇంకను పుట్టలేదు. (సౌభరియు తుదకు ఆ సంసారమునకు విసిగి అడవికి పోయెను. అది వేరు కథ.)

ఇదంతయు మావానికి ఇంత శాస్త్రముతో చెప్పలేదు. "నేను చెప్పినది తప్పు నాయనా, దానిని నా సౌకర్యమునకై చెప్పితిని" అని మాత్రము చెప్పి, పారాయణపు సంగతి వివరించితిని. వాడు కొంతసేపు మాటాడలేదు. పిదప, "అయితే మీరూ నాలాగే ఆడారన్నమాట" అనెను. అవునంటిని. వాడు నాలుగు ఖాతాలను మాన్పించుకొని, వైద్యుని మాత్రముంచుకొన్నాడు. ముందునిలుచు వీరుని ఎందుకుంచుకొనలేదని అడుగగా, వైద్యుని సరిగ ఆడుట తనకెన్నడును రాలేదని, ఇప్పుడు నేర్చుకొనుచున్నానని చెప్పెను. పాతస్నేహితులలో ఇరువురు తిరిగి వచ్చిరట. ఆలస్యముగ వచ్చు అలవాటు వారికింకను పోలేదట.

నేను ఆనాడు ఎగవేసిన నాలుగు మండలములను 2021వ సంవత్సరమున ప్రారంభించితిని. నడుమ అనారోగ్యముచే ఒకటి భగ్నమై మరల మొదటినుండి చేయవలసివచ్చినది. ఇప్పటికి మూడు ముగిసినవి. నాలుగవది ఆ వృద్ధురాలిది. ఆమె కుమారుని పేరు జ్ఞాపకమున్నది, గోత్రము జ్ఞాపకమున్నది. నక్షత్రము మాత్రము ఎంత తలచినను స్ఫురించుట లేదు. ఆ కాలపు పంచాంగముల అట్టలపై వ్రాసికొంటినేమో యని అటుకమీది పెట్టెలను దింపి వెదకుచున్నాను.