సగటులో ఎవరున్నారు?

సీబీఎస్‌ఈ పదో తరగతి సోషల్‌లో భాగమైన అర్థశాస్త్రంలో మొదటి పాఠం అభివృద్ధి. అందులో రెండు దేశాల పట్టిక ఉంటుంది. ఒక దేశంలో అయిదుగురి ఆదాయాలూ పదివేలకు కాస్త అటూ ఇటూ. రెండోదాంట్లో నలుగురికి తలా 500, ఒక్కరికి 48,000. రెండింటి సగటూ 10,000 రూపాయలే. కువైట్‌లోని మహబూలాలో పెరిగే తెలుగు పిల్లలు మంగఫ్, ఫహాహీల్ వైపు భారతీయ పాఠశాలల్లో చదివేదీ ఈ పాఠమే. బోర్డు మీద లెక్క చేసేసి ముందుకు పోవడం టీచరుకు చాలా సులువు.

కానీ ఆ పట్టిక పిల్లల కిటికీ కిందే ఉంది. తలసరి ఆదాయంలో కువైట్ సంపన్న దేశం. ఆ దేశంలోనే, మహబూలా ఫ్లాట్లలో ఒకే గదిలో నలుగురైదుగురు సర్దుకుని ఉంటూ రాయచోటికో రాజంపేటకో డబ్బు పంపే డ్రైవర్లు, కూలీలు ఉన్నారు. ఖద్దామాగా, అంటే ఇంటి పనిమనిషిగా వచ్చిన తల్లి తన పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి వస్తుంది. కుటుంబ వీసా కావాలంటే జీతం ఇంత ఉండాలని నిబంధన. అంటే ఆ క్లాసులో కూర్చున్న పిల్లలు అప్పటికే ఒక జల్లెడ దాటి వచ్చినవాళ్లు. సగటు ఎవరిని దాచేస్తుందో చూపించడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ ఏముంటుంది?

సమాజం తెలియడమంటే దాని గురించి సమాచారం ఉండటమా, అందులో తానెక్కడ నిలబడ్డాడో చూడగలగటమా? 1895లో మదనపల్లెలో పుట్టిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తిది రెండో పక్షం. పిల్లల్ని ఒకరితో ఒకరిని పోల్చడం, బహుమతి ఆశ, శిక్ష భయం తెలివిని మొద్దుబారుస్తాయని ఆయన జీవితాంతం చెప్పారు. మదనపల్లె దగ్గర ఆయన ప్రారంభించిన రిషివ్యాలీ బడికి పునాది ఆ ఆలోచనే.

అయినా గల్ఫ్ తల్లిదండ్రులు మార్కులు వద్దనుకోలేరు. వాళ్లను తప్పుపట్టనూ కూడదు. సోషల్‌లో రాతపరీక్షకు 80, స్కూల్లో వేసేవి 20. ఆ వంద వెనక ఒక ఇంటి ఏళ్ల కష్టం ఉంది.

అయితే మార్కులకూ ఆలోచనకూ వైరం లేదు. ప్రశ్న అడిగాక టీచర్లు సాధారణంగా ఒక్క సెకను మించి ఆగడం లేదని అమెరికాలో విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రోవ్ గమనించారు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పెద్దవయ్యాయి, మౌనంగా ఉండిపోయేవాళ్లు తగ్గారు, వెనకబడ్డారనుకున్న పిల్లలూ నోరు విప్పారు. ఆమె చూసింది సైన్సు క్లాసుల్ని. సోషల్‌కు ఆ ఆగడం ఇంకా అవసరం, ఎందుకంటే ఇక్కడ జవాబు పిల్లవాడు రోజూ చూసే బతుకులోంచి రావాలి. అలా ఆలోచించినవాడు బట్టీ పట్టిన వాక్యం మరిచినా, సగటులోని లోపమేమిటో సొంతమాటల్లో రాసి వస్తాడు.

ఇలా పిల్లల బతుకును పాఠంలోకి తేవడానికి ఒక హద్దు తప్పనిసరి: మీ నాన్న జీతమెంత అని ఏ పిల్లవాణ్నీ క్లాసులో అడగకూడదు. సమాజంలో ఎవరెక్కడ నిలబడ్డారో చూసే పని టీచరు తనతోనే మొదలుపెట్టవచ్చు. చదువు చెప్పేవారు ముందు తమను తాము తెలుసుకోవాలన్నది కృష్ణమూర్తి పట్టుదల. వీసా మీద వచ్చి, ఇంటికి డబ్బు పంపుతూ పాఠం చెబుతున్న ఆ టీచరూ ఆ పట్టికలో ఏదో ఒక వరసలో ఉన్నారు. ఆ మాట పిల్లలకు చెప్పడానికి ఏ సిలబసూ అడ్డు రాదు.