నీరు పాకే... మరి మన బాధ్యత తీరిందా?

ఇటీవల జుమా నమాజు తర్వాత ఒక సోదరుడు నన్ను ఇలా అడిగారు: "హజ్రత్! మా అమ్మీకి ఎం.ఆర్.ఐ. స్కానింగ్ చేయించాం. చేతి నరంలోకి ఏదో మందు ఎక్కించారు. అది మూత్రంతోపాటు బయటికి పోయి, చివరికి నదుల్లో కలుస్తుందని చదివాను. అలాంటి నీటితో వుజూ అవుతుందా?"

అవుతుందని చెప్పాను. ప్రవహించే నీటిలోగాని, పెద్ద జలాశయంలోగాని నజాసత్ కలిసినా దాని రంగు, రుచి, వాసనల్లో ఏదీ మారనంతవరకు ఆ నీరు పాకేనని ఫుఖహా చెప్పారు. ఆయన తృప్తిగా వెళ్ళిపోయారు. నాకు మాత్రం తృప్తి కలగలేదు. ఆయన తన వుజూ గురించి అడిగారు, నేను దాని గురించే చెప్పాను. ఆ నీటిలో బ్రతికే ప్రాణుల గురించి ఆయనా అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆ మందులో ఉండేది గడోలినియం అనే లోహం. రేర్ ఎర్త్స్ అని పిలిచే 17 మూలకాల్లో ఇదొకటి. సెల్‌ఫోన్లలో, గాలిమరల్లో, బ్యాటరీ కార్ల మోటార్లలో వాడేవి కూడా ఈ కుటుంబానికి చెందినవే. విడిగా ఉన్న గడోలినియం విషం. అందుకే మందులో దాన్ని మరో పదార్థంతో గట్టిగా బంధించి ఎక్కిస్తారు. చాలామటుకు అది ఒకటి రెండు రోజుల్లో మూత్రం ద్వారా వెళ్ళిపోతుంది. మురుగునీటిని శుద్ధిచేసే మామూలు కేంద్రాలు దాన్ని పట్టి ఆపలేవు. బెర్లిన్ నదుల్లో ఇది చేరిందని 1996లోనే జర్మన్ శాస్త్రవేత్తలు వెల్లడించారు. తర్వాత ఆ నగరపు కుళాయి నీటిలోనూ కనిపించింది.

అదే దేశంలో రైన్ నది సంగతి చూడండి. వోర్మ్స్ పట్టణం దగ్గర ఒక కర్మాగారం వదిలే వ్యర్థజలంతో లాంథనం అనే మరో లోహం నదిలో కలుస్తోందని 2011లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. ఆ జాడ దిగువన నెదర్లాండ్స్ దాకా కనిపించింది. తర్వాత శాస్త్రవేత్తలు ఆ నదిలోని ఆల్చిప్పలను పరీక్షించారు. కర్మాగారం నుంచి వచ్చిన లాంథనం, సమేరియం వాటి చిప్పల్లోకి చేరి ఉన్నాయి. రోగుల నుంచి వచ్చిన గడోలినియం మాత్రం గట్టిగా బంధించబడి ఉన్నందువల్ల ఆ చిప్పల్లోకి చేరలేదు. అయితే బంధం లేని గడోలినియం ఏం చేస్తుందో ప్రయోగశాలల్లో చూశారు. సముద్రపు అడుగున బ్రతికే ముళ్ళజీవి సీ అర్చిన్ పిల్లల్లో అస్థిపంజరం సరిగా ఏర్పడలేదు. ఆ లోహం వాటికి కాల్షియం అందకుండా అడ్డుపడింది.

ప్రియ పాఠకులారా! నీరు పాక్ అనే హుకుం ఒక ప్రశ్నకు మాత్రమే జవాబు: 'దీనితో నా ఇబాదత్ చెల్లుతుందా?' 'నేను చేసిన పని సరైనదేనా?' అన్నది వేరే ప్రశ్న. దొంగిలించిన బట్ట శుభ్రంగా, పాక్‌గా ఉండొచ్చు. అంతమాత్రాన దొంగతనం హలాల్ అయిపోదు. నిలిచి ఉన్న నీటిలో మూత్రం పోయవద్దని దైవప్రవక్త (స) వారించారు (బుఖారీ, ముస్లిం). జనం నీళ్ళ కోసం వచ్చే చోట మలవిసర్జన చేయడాన్ని శాపానికి గురిచేసే పనుల్లో చేర్చారు (అబూ దావూద్). ఇక్కడ చూడవలసింది నీటి హుకుం ఒక్కటే కాదు, ఆ నీటిపై ఆధారపడినవారి హక్కు కూడా. భూమిపై సంచరించే జీవులు, రెక్కలతో ఎగిరే పక్షులు అన్నీ మనలాంటి సముదాయాలేనని ఖుర్‌ఆన్ తెలుపుతోంది (అన్ఆమ్: 38). నేలమీదా, సముద్రంలోనూ చెలరేగిన కల్లోలానికి మానవుల చేతులు చేసుకున్నదే కారణమని కూడా హెచ్చరిస్తోంది (రూమ్: 41).

"ఒక్కొక్కరి నుంచి వెళ్ళేది రవ్వంతే కదా! పాపం ఎవరి ఖాతాలో పడుతుంది?" అని కొందరు అడగవచ్చు. బుఖారీలోని ఓడ హదీసును గుర్తుచేసుకోండి. నీళ్ళ కోసం మాటిమాటికీ పైకి వెళ్ళి పైవాళ్ళను ఇబ్బంది పెట్టడం ఎందుకని, కింది అంతస్తువాళ్ళు తమ భాగంలోనే రంధ్రం చేయాలనుకున్నారు. వాళ్ళ సంకల్పం చెడ్డదేమీ కాదు. అయినా పైవాళ్ళు ఆపకపోతే అందరూ మునిగిపోతారు, ఆపితే అందరూ బ్రతుకుతారు అన్నారు ప్రవక్త (స). సదుద్దేశం ఉన్నంతమాత్రాన నష్టం ఆగిపోదు. చూస్తూ ఊరుకున్నవారికీ అందులో వాటా ఉంటుంది.

అయితే అందరినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. రోగిది జరూరత్. ప్రాణం కాపాడుకోవడం షరీఅత్ లక్ష్యాల్లో ఒకటి. కనుక డాక్టరు అవసరమన్న స్కానింగును ఈ భయంతో మానుకోవడం తప్పు. కాని జరూరత్ ఎంత ఉందో సడలింపు కూడా అంతవరకే అని ఉలమా సూత్రీకరించారు. డాక్టరు వద్దన్నా మందు ఎక్కించమని పట్టుబట్టడం జరూరత్ కాదు. ఇక లాభం కోసం విషాన్ని నదిలోకి వదిలేవాడి విషయం పూర్తిగా వేరు. అతనికి తెలుసు, ఆపే స్తోమతా ఉంది. అతని జవాబుదారీ అన్నిటికంటే భారమైనది.

మార్గం లేదని అనుకోవద్దు. జర్మనీలోని మ్యూల్‌హైమ్ పట్టణంలో ఎక్స్‌రే పరీక్షల కోసం అయోడిన్ మందు ఎక్కించుకున్న రోగులకు, మూత్రం పట్టే సంచులు ఇచ్చి చూశారు. మూత్రాన్ని మురుగులో కలవనీయకుండా ఆ సంచిని చెత్తలో వేయించారు. ఇలాంటి ఏర్పాటు గురించి మన డాక్టర్లను, ఆసుపత్రులను మనం కూడా అడగవచ్చు. పాడైన ఫోన్లను, బ్యాటరీలను కాలువలో, చెరువు గట్టున పారేయకుండా, వాటిని సేకరించే కేంద్రాలకు అప్పగించడం మన ఇంట్లోనే మొదలుపెట్టగల పని.

ఆ రోజున భూమి తన సమాచారమంతా వినిపిస్తుందని ఖుర్‌ఆన్ తెలుపుతోంది (జిల్‌జాల్: 4). రైన్ నదిలోని నోరులేని ఆల్చిప్ప తన చిప్పలో ఆ సమాచారాన్ని ఇప్పటికే దాచిపెట్టుకుంది. ఈసారి ఆ సోదరుడు కలిస్తే, "మీ వుజూ అయింది భాయ్. మన హిసాబ్ మాత్రం ఇంకా మిగిలే ఉంది" అని చెప్పాలనుకుంటున్నాను.

నీటిని అమానత్‌గా భావించి, నోరులేని ప్రాణుల హక్కును కూడా నెరవేర్చే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.