కాలిన మట్టికి అతుకు

కదిరి చేరువ కటారుపల్లిలో వేమన సమాధిని దర్శించి మరలి వచ్చుచు, వేసవి మధ్యాహ్నమున దారిప్రక్క వేపనీడను కూర్చున్న నాకు, అదే నీడన విశ్రమించిన యొక బైరాగి తన మట్టిచిలుమును బోర్లించి, బూడిదను అరచేత రాల్చుకొని, చిటికెనవ్రేలిని లోనికి పోనిచ్చి దేనినో తడవుచుండుట కానవచ్చెను. తడవినది పగులు, అంచునకు అంగుళము లోతున, వెంట్రుకవాసి సందుతో, లోగోడను మాత్రమే చీల్చినది.

కుమ్మరిచేత కాస్త మన్ను పూయించుకొనరాదా యంటిని.

“పచ్చిమన్ను కాలినమన్నుకు యాడన్నా అతుక్కుంటాదా సామీ?”

నిజమే. పచ్చిమన్ను ఆరుచు కుదించుకొనిపోవును, కాలినది కదలదు, తొలినిప్పుకే పూత పెచ్చు లేచును. ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో బ్రతుకు ఈ సీమలో, చెరువడుగున పలకలు పలకలుగా విచ్చిన ఒండ్రును చూచినవారికి ఈ శాస్త్రము వేరుగ చెప్పవలసిన పని లేదు. అతడు అరచేతి బూడిదలో బొగ్గునలుసులేరి, మిగిలిన తెల్లని మెత్తని పొడిని రెండు చుక్కల నీట తడిపి, వ్రేలికొసతో పగులులోనికి అదిమెను. రేపటిదాక ఆరవలెనట, పిమ్మట మొదట చిన్ననిప్పే వేయవలెనట, పగులు పైగోడకు పాకి చేతికి వేడి తగిలినచో చిలుమును పారవేయవలసినదేనట. బజారున దొరకు రెండు గొట్టముల జిగురు మాట నేనెత్తితిని గాని, అది నిప్పు సోకి కమిలి విషవాయువును వదలును. పొగయే విషము గదా యని మీరు నవ్వవచ్చును. విషము త్రాగువాడును తానెరుగని విషమును కోరడు.

ఆ పగులును చూడగా నాకు గౌడపాదుల మాట తోచెను. వారు మాండూక్యకారికలలో ఘటాకాశమును, అనగా కుండలోని ఆకాశమును, దృష్టాంతముగ చూపి, కుండ పగిలినను ఆకాశమునకు కొరత లేదనిరి. ఏనాడును ఎదురాడని నా మనస్సు ఆనాడు ఎదురాడెను. వారినాటికి ఈ దేశమున పొగాకు లేదు. విజాపురమునుండి అసద్ బేగు దానిని అక్బరు కొలువునకు కొనిపోయినది 1604 ప్రాంతమున. వారు చెప్పిన కుండ, చిలుమువలె కడుపున నిప్పు మోయు కుండ కాదు. ఆకాశమునకు లేని బాధ నిప్పుకు కలదు: పగులుచోట నిప్పు లోనికి దిగి మంటిని తినును, గోడ ఇంకను చీలును. తానున్న గూటినే కాల్చుకొనుచు బ్రతుకు జీవునికి, ఆకాశమును చూపి ఊరడించుట సత్యమే కావచ్చును, అతుకు మాత్రము కాదు.

వేరుసెనగ నిలువున మాడిన యొక యేట మా యూర కర్మసిద్ధాంతముపై ఉపన్యాసము జరిగెను. దోషమేమియు లేదు, పచ్చిది, ఒక్కరికిని అంటలేదు. మరునాడు, ముందటి కరవున ఎద్దులను తెగనమ్ముకొన్న ముసలమ్మ యొకతె పంట పోయిన యొక యింటి గడపలో కూర్చుండి, “మాకూ అట్లే అయ్యింటే గదమ్మా” అనిన, ఆ యింటివారు రెండుదినములకు అన్నము ముట్టిరి. వేమన భోగియై కాలి యోగి యయ్యెనని జనశ్రుతి. అది చరిత్ర యగునో కాదో గాని, అతని మాట ఈ గడ్డకు అంటుకొన్న తీరునకు నాకు ఇంతకన్న మంచి కారణము తోపదు.

బైరాగి వ్రేలికి మిగిలిన బూడిదను నొసట రాచుకొని, చిలుమును నీడకు జరిపి, సంచి తలక్రింద పెట్టుకొని నిద్రించెను.