కడుపుకోతను వరమడిగిన తల్లి

కన్నబిడ్డ తన కన్నులయెదుటనే కన్నుమూయుటను తెలుగువారు కడుపుకోత యందురు. అంతకు మించిన దుఃఖమునకు మన భాషలో పేరు లేదు. అట్టి కడుపుకోతనే వరముగా భగవంతు నర్థించు తల్లులు చెన్నపట్టణమున గలరు. వారిలో ఒకరి ముప్పదియైదేండ్ల కుమారునకు స్కిజోఫ్రీనియా యను మనోవ్యాధి. డెబ్బదేండ్ల తల్లి రాత్రి పెరుగన్నము పెట్టి, మాత్ర చేతికిచ్చి, వాడు నీళ్లు త్రాగిన పిదప “ఏదీ, నాలుక యెత్తు నాయనా” యని, ఒకనాడు పాలపండ్లను చూచి మురిసిన కన్నులతోనే మాత్ర దాచెనేమో యని నోటిలోనికి చూచును. అటుపిమ్మట దీపము ముందు నిలిచి, “స్వామీ, నాకన్న ముందు వీనిని తీసికొనిపో” యని మ్రొక్కి, ఆ మాట తన నోటనే వచ్చెనా యని చెంపలు వేసికొనును. ఈ మ్రొక్కు పాపమగునా?

ఆమెను దోషిగా నిలువబెట్టుట క్రొత్త గాదు. చేసికొన్నవారికి చేసికొన్నంత యని చుట్టములు పూర్వజన్మమును సాక్ష్యమునకు బిలుతురు. 1948లో ఫ్రీడా ఫ్రామ్-రైక్‌మన్ అను మనోవైద్యురాలు ఈ వ్యాధికి కారకురాలైన తల్లి యని యొక పేరే కల్పింపగా, పాశ్చాత్యవైద్యులు చాలకాలము పెంపకమునే తప్పుపట్టిరి. పెంపకము కారణము గాదని పిదప తేలినది. వైద్యము తన తీర్పును దిద్దుకొన్నది, చుట్టములింకను దిద్దుకొనలేదు. తన దుఃఖమును తాను మోయుటకు ఊతగా నిలువవలసిన కర్మసిద్ధాంతము, పరుల దుఃఖమును తూచు త్రాసగుటకన్న దానికి వేరు అవమానమేమి?

పుత్రుడు పున్నామనరకమునుండి తరింపజేయునని పెద్దలనిరి. ఈమెకు తన తలకొరివిని గూర్చిన చింత లేదు. తన తరువాత ఆ మాత్ర యెవరిత్తురనునదే చింత. బిడ్డను దిక్కులేనివానిగా విడిచి తాను సుఖముగా పోవుటకన్న, తాను మిగిలి యా కోతను భరించుటయే మేలని యెంచుచున్నది. ఆ కోరికలో అలసట లేదనుట అబద్ధము. వాడు కేకలువేసి తలుపులు బాదిన రాత్రి అలసటయే యెక్కువ. కాని బరువు దింపుకొన నెంచుట పాపమైనచో, ఆ బరువునకు భుజమీయక చూచుచున్నవారి మాట యేమి?

ఆమె భయము ఊహ గాదు. 2001 ఆగస్టు 6న రామనాథపురము జిల్లా ఏర్వాడిలో, గొలుసులతో బంధింపబడిన 28 మంది మనోరోగులు అగ్నికి ఆహుతియైరి. వారిని కన్న తల్లులును గలరు. అటులని మనుష్యప్రయత్నము లేకపోలేదు. కీల్పాక్ మానసిక వైద్యశాలను నడపిన డాక్టరు శారదా మీనన్ 1984లో చెన్నపట్టణముననే స్కార్ఫ్ సంస్థను స్థాపించి, ఈ రోగులకు చికిత్సయేగాక పనియు, బ్రదుకును కావలెనని చాటినది. అయినను ఏ సంస్థయు ప్రతి యింట రాత్రి మాత్ర నందీయజాలదు. పూర్వజన్మమును సాక్ష్యమునకు బిలిచిన చుట్టములలో ఒక్కరు వచ్చి, “నీ తరువాత వీనిని నేను చూచుకొందునక్కా” యన్ననాడు ఆ మ్రొక్కు దానంతట అదియే ఆగును.