సీలు కవరు

పాట అనే మాటకు మన భాషలో రెండు అర్థాలున్నాయి. ఒకటి గొంతెత్తి పాడుకునేది, రెండోది వేలంలో పాడేది. 2002లో యానాం-ఎదుర్లంక వంతెన రాకముందు మేం గోదావరి దాటాలంటే రేవుకు వెళ్ళి పంటు ఎక్కవలసిందే. రేవుకు పాట, సంతకు పాట, చేపల చెరువుకు పాట. గోదావరి ఒడ్డున పెరిగినవాళ్ళకు ఇవన్నీ చిన్నప్పుడే తెలుస్తాయి. చెట్టు కింద పదిమంది చేరతారు. ఒకడు పాడిన దాని మీద ఇంకొకడు పాడతాడు. ఎవడెంత పాడాడో అందరి చెవినా పడుతుంది. మూడోసారి అనేసరికి పాట ఖాయమవుతుంది.

బడి, వంతెన, మురుగుకాలువ వంటివి ప్రభుత్వం కట్టించేటప్పుడు పాట ఇలా ఉండదు. అక్కడ పాట మూగది, పైగా తలకిందులుది. పని ఎక్కువ పాడినవాడికి కాదు, తక్కువ రాసినవాడికి దక్కుతుంది. అంకె కాగితం మీద రాసి, కవరులో పెట్టి, సీలు వేసి ఇవ్వాలి. ముప్ఫై ఏళ్ళుగా బ్యాంకు కొలువు చేస్తున్న నాకు ఆ కవరు గురించి ఒక ప్రశ్న మిగిలిపోయింది. దాన్ని చదువరుల ముందు పెట్టాలని ఈ నాలుగు మాటలు.

తెలియనివారి కోసం ముందు పద్ధతి చెబుతాను. ఇంజనీర్లు రేట్ల షెడ్యూలు చూసి పనికి అంచనా కడతారు. టెండరు ప్రకటన వేస్తారు. కాంట్రాక్టరు తన రిజిస్ట్రేషను, సాల్వెన్సీ సర్టిఫికెట్టు వంటివి ఒక కవరులోనూ, ధర ఇంకో కవరులోనూ పెడతాడు. ఊరికే సరదాకు వచ్చినవాడు కాదు, పని చేసేవాడే అనడానికి గుర్తుగా ఇ.ఎం.డి. కట్టాలి. అది అంచనా విలువలో నూటికి ఇంత అని లెక్క. అంచనాకు తగ్గించి రాస్తే 'లెస్', పెంచి రాస్తే 'ఎక్సెస్'. చెప్పిన రోజున, చెప్పిన గంటకు, వేసినవాళ్ళ ఎదుటే కవర్లు విప్పుతారు. అంకెలన్నీ ఒక పట్టికలో ఎక్కిస్తారు. అందరికంటే తక్కువ రాసినవాడు ఎల్-వన్. ఇప్పుడు కవరు పోయి కంప్యూటరు వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లోనే ఈ-టెండర్లు మొదలయ్యాయి. సీలు బదులు పాస్‌వర్డు వచ్చింది గాని లోపలి ప్రాణం అదే. పక్కవాడు ఎంత రాశాడో తెలియకుండా నీ అంకె నువ్వు రాయాలి.

2004లో నేను యానాంలో లేను. గోదావరి జిల్లాల్లోనే వేరే ఊళ్ళో ఒక చిన్న బ్రాంచికి మేనేజరుగా ఉన్నాను. ఊరి పేరూ మనుషుల పేర్లూ ఇక్కడ అక్కర్లేదు. ఒక బడికి రెండు గదులు కట్టే పనికి టెండరు పడింది. అంచనా ఎనిమిది లక్షలు. చిన్న పని కాబట్టి కవర్ల పద్ధతే. ఒకరోజు మధ్యాహ్నం మా గుమస్తా నాలుగు డి.డి. దరఖాస్తులు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. నలుగురు కాంట్రాక్టర్ల పేర్లతో, ఒకే పనికి ఇ.ఎం.డి. నాలుగింటిలోనూ దస్తూరీ ఒకటే. డబ్బు తీసే ఖాతా కూడా ఒకటే. ఆ ఖాతాదారు మాకు పాత కస్టమరు, ఊళ్ళో పెద్ద కాంట్రాక్టరు. గుమస్తా నా ముఖం చూశాడు. నేను అతని ముఖం చూడకుండా నాలుగింటి మీదా సంతకం చేశాను. వరస నంబర్లతో నాలుగు డ్రాఫ్టులు వెళ్ళిపోయాయి.

అంతకు పదిరోజుల ముందే అదే పనికి ఇంకో డ్రాఫ్టు మా దగ్గర తీసుకున్నారు. తీసుకున్నవాడు ఒక తాపీమేస్త్రీ గారి కొడుకు. కొత్తగా కాంట్రాక్టరుగా పేరు నమోదు చేయించుకున్నాడు. తండ్రి పేర ఉన్న ఇంటి కాగితాలు చూపించి నా దగ్గరే సాల్వెన్సీ తీసుకున్నాడు. ఆ రోజు అతని ముఖంలో వెలుగు నాకింకా గుర్తే. టెండరుకు ముందురోజు వచ్చి, "డ్రాఫ్టు క్యాన్సిల్ చేయండి సార్. ఈ పని వద్దనుకున్నాను" అన్నాడు. తలెత్తలేదు. వెళ్తూ వెళ్తూ తన సేవింగ్స్ ఖాతాలో ఇరవై వేలు నగదు కట్టి వెళ్ళాడు.

కాంట్రాక్టర్ల భాషలో ఆ డబ్బును 'గుడ్‌విల్' అంటారు. బి.కాం.లో గుడ్‌విల్ అంటే కంటికి కనిపించని ఆస్తి అనీ, ఏళ్ళ తరబడి సంపాదించుకున్న మంచిపేరుకు కట్టే విలువ అనీ చదువుకున్నాను. ఇక్కడది పక్కకు తప్పుకున్నందుకు ఇచ్చే కూలి. కవర్లు విప్పారు. పెద్దాయన ఐదు శాతం ఎక్సెస్, మిగిలిన ముగ్గురూ ఎనిమిది, తొమ్మిది, పది. పని పెద్దాయనకే. దీన్నే మనవాళ్ళు 'రింగ్ అయ్యారు' అంటారు. జపానులో కట్టడాల కాంట్రాక్టర్లు ఇలా కూడబలుక్కోవడానికి 'దాంగో' అని పేరే ఉంది. ఈ విద్య ఒక్క మనదే కాదు.

కొన్నాళ్ళకు బిల్లు చెక్కు జమ చేయడానికి ఆయన వచ్చాడు. నవ్వుతూ అడిగినట్టే అడిగాను, "నాలుగు కవర్లూ మీవేనటగా?" అని. ఆయన దాచలేదు.

"మావేనండీ. లేకపోతే ఏమవుద్దో తెలుసాండీ? ఎవడో కుర్రాడు ముప్ఫై లెస్ వేస్తాడు. ఆ ముప్ఫై ఎక్కణ్ణించి తెస్తాడండీ? సిమెంటులోంచి తెస్తాడు, ఇనుములోంచి తెస్తాడు. రేపు శ్లాబు పిల్లల మీద పడితే ఎవడిది పాపం? మేం ఓ మాట అనుకుని నాలుగు డబ్బులు మిగిలేలా వేసుకుంటాం, పని నిలబెడతాం. అయినా మేనేజరుగారూ, మీరంతా యూనియన్ పెట్టుకుని జీతాలు పెంచమనట్లేదేంటండీ? మీరు కలిస్తే హక్కు, మేం కలిస్తే దొంగతనమాండీ?"

నేను టీ తెప్పించాను. జవాబు మాత్రం చెప్పలేకపోయాను.

చెప్పుకోవలసిన సంగతి ఇంకోటుంది. ఆయన కట్టిన గదులు ఇవాళ్టికీ నిలిచి ఉన్నాయి. వానకు కారవు. నాలుగేళ్ళ కిందట ఆ ఊరు వెళ్ళినప్పుడు చూసి వచ్చాను. శ్లాబు కూలి ఉంటే ఈ వ్యాసం రాయడం సులువయ్యేది. కూలలేదు కాబట్టే ప్రశ్న ప్రశ్నగా ఉండిపోయింది. మరి ఎవరికి ఏం అన్యాయం జరిగినట్టు?

ఆయన మాటలో నిజం లేకపోలేదు. 1971లో అమెరికాలో ముగ్గురు చమురు కంపెనీ ఇంజనీర్లు మెక్సికో సింధుశాఖలో చమురు లీజుల పాటలు పరిశీలించి ఒక సంగతి చెప్పారు. పాటలో గెలిచినవాడు తరచుగా నష్టపోతాడు. ఎందుకంటే విలువ కట్టడంలో అందరికంటే ఎక్కువగా పొరబడ్డవాడే పాట గెలుస్తాడు. దానికి 'గెలిచినవాడి శాపం' అని పేరు వచ్చింది. మన టెండర్లలో దాన్ని తిరగేసి చదవాలి. ఖర్చును అందరికంటే తక్కువగా ఊహించుకున్నవాడికే పని దక్కుతుంది. తర్వాత ఆ పొరపాటును సిమెంటులో సర్దుకుంటాడు. మరీ లెస్ వేసినవాణ్ణి కొన్నిచోట్ల అదనపు గ్యారంటీ ఇమ్మనేది ఈ భయంతోనే.

ఈ చిక్కుకు మందు వెతికినవాళ్ళూ ఉన్నారు. విలియం విక్రీ అనే ఆర్థికవేత్త 1961లో ఒక ఉపాయం చెప్పాడు. మన టెండర్లకు అన్వయించుకుంటే అది ఇలా ఉంటుంది. తక్కువ రాసినవాడికే పని ఇవ్వండి, కాని అతని పైవాడు రాసిన ధర చెల్లించండి. అప్పుడు ఎవరికీ అసలు ఖర్చు దాచి రాయవలసిన అవసరం ఉండదు. 1996లో ఆయనకు నోబెల్ బహుమతి ప్రకటించారు. ప్రకటించిన మూడు రోజులకే ఆయన కన్నుమూశాడు. ఎంతో తెలివైన ఉపాయమే. కాని నాలుగు కవర్లూ ఒకే చెయ్యి రాస్తే అదీ పనికిరాదు. ఏ పద్ధతయినా నలుగురు విడివిడిగా ఆలోచించారన్న నమ్మకం మీదే నిలబడుతుంది.

ఇక పనితనం గురించి. పెద్దాయన మంచి పనివాడు కాబట్టి గదులు నిలిచాయి. రింగు కట్టినందువల్ల నిలవలేదు. అదే రింగు పనిదొంగకు దొరికితే వాడూ ఐదు ఎక్సెస్ తీసుకుంటాడు, సిమెంటూ తగ్గిస్తాడు. లెస్ మితిమీరితే పని చెడుతుందన్న మాట నిజమే. కాని అది పదిమందిలో చెప్పవలసిన మాట. అంచనాలు పాతవని అర్జీ పెట్టవచ్చు. ఈ రేట్లకు మేం టెండరు వేయబోమని అందరూ కలిసి సంతకాలు చేసి ఇవ్వవచ్చు. అప్పుడు ఆయన్ను తప్పుపట్టేవాళ్ళలో నేనుండను.

యూనియన్ గురించి ఆయన వేసిన ప్రశ్నే నన్ను చాలా ఏళ్ళు వేధించింది. బ్యాంకు ఉద్యోగుల మొదటి ద్వైపాక్షిక ఒప్పందం 1966లో జరిగింది. ఆ తర్వాత వచ్చిన ఒప్పందాల ఫలం నేనూ తిన్నాను. కలవడమే తప్పయితే నా జీతంలోనూ ఆ తప్పు ఉండాలి. చివరకు నాకు తోచిన జవాబు ఇది. మేం కలిసినప్పుడు కలిశామని చెప్పి కూర్చుంటాం. బల్లకు అవతలివాళ్ళకు తాము అందరితో ఒకేసారి మాట్లాడుతున్నామని తెలుసు. కాగితం మీద సంఘం పేరు ఉంటుంది. రింగులో అలా కాదు. కలిసినవాళ్ళు విడివిడిగా ఉన్నట్టు నటిస్తారు. తప్పు కలవడంలో లేదు, కలిసిన సంగతి దాచడంలో ఉంది. సీలు కవరు అంటే "ఇది నేను ఒంటరిగా వేసుకున్న లెక్క" అని ఇచ్చే మాట. లోపలి అంకె న్యాయమైనదే కావచ్చు. ఆ మాట మాత్రం అబద్ధం.

ఆ అబద్ధానికి మూల్యం ఎవరిచ్చారో నేను చూశాను. మేస్త్రీ గారి అబ్బాయి ఇంకెప్పుడూ టెండరు వేయలేదు. రెండేళ్ళకు కువైట్ వెళ్ళిపోయాడు. అతను ఇరవై వేలు తీసుకోలేదా అంటే, తీసుకున్నాడు. తిలాపాపం తలా పిడికెడు అన్నారు. కాని అతని కవరులో ఏ అంకె ఉండేదో ఇక ఎవరికీ తెలియదు. అతను ముప్ఫై లెస్ వేసే తెలివితక్కువవాడో, తండ్రి పక్కన ఇటుక మోసి ఖర్చు ఎరిగిన పనివాడో పరీక్షించే అవకాశమే లేకుండా పోయింది.

ఇక నా సంగతి. కస్టమరు గుట్టు కాపాడటం బ్యాంకువాడి మొదటి ధర్మమని పరీక్షలకు చదివినప్పుడే నేర్పుతారు. దానికి మూలంగా 1924 నాటి టూర్నియర్ కేసు చెబుతారు. అదే తీర్పులో నాలుగు మినహాయింపులున్నాయి, అందులో ఒకటి ప్రజల పట్ల బాధ్యత. అది కూడా చదివి మార్కులు తెచ్చుకున్నాను. ఆ రోజు మాత్రం మొదటి సగమే గుర్తుపెట్టుకున్నాను. బజారుకెళ్ళి చాటింపు వేయమని ఎవరూ అడగలేదు. పై ఆఫీసుకు ఒక రహస్య లేఖ రాయవచ్చు. కనీసం పెద్దాయనతో "ఎవరి డ్రాఫ్టు వాళ్ళ ఖాతాలోంచి తీసుకోమనండి" అనవచ్చు. ఆయన డిపాజిట్లు మా బ్రాంచికి ఆధారం. మార్చి నెల దగ్గర పడుతోంది. కురుక్షేత్రంలో ధర్మరాజు ఏనుగు మాట మెల్లగా అన్నాడు. నేను ఆ మాత్రం కూడా అనలేదు. నాలుగు డ్రాఫ్టులూ చట్టప్రకారం నిఖార్సయినవే. నాలుగూ కలిపి చూస్తే అబద్ధం. కలిపి చూడగలిగిన చోట కూర్చున్నది నేనే.

తర్వాత చట్టం గట్టిపడింది. 2002 నాటి పోటీ చట్టంలో టెండర్ల కుమ్మక్కును నిషేధించే మూడో సెక్షను 2009 మే 20 నుంచి అమలులోకి వచ్చింది. ముందుగా వచ్చి నిజం చెప్పినవాడికి జరిమానా తగ్గించే ఏర్పాటు కూడా అందులో ఉంది. మౌనం వీడితేనే రింగు విడుతుందని చట్టానికీ తెలుసు.

మాది చిన్న ఊరు. ఇక్కడ కాంట్రాక్టరూ, మేస్త్రీ, బ్యాంకు మనిషీ ఒకే పెళ్ళిలో ఒకే పంక్తిలో కూర్చుని భోంచేస్తాం. తెలుగు రాష్ట్రాలకు బయట నాలుగిళ్ళవాళ్ళం ఒకరికొకరం ఆసరాగా బతికే మీ ఊళ్ళలోనూ ఇంతే అయి ఉంటుంది. ఒకరి గుట్టు ఒకరు కాపాడుకోవడం మనకు మంచితనంలా అలవాటైపోయింది. ఆ మంచితనానికి మూల్యం చెల్లించేవాడు పంక్తిలో ఉండడు. వాడికింకా విస్తరి వేయలేదు.

పోయిన ఏడాది ఇద్దరి పేర గ్యారంటీలకు ఒకే మనిషి డిపాజిట్టు పూచీగా వచ్చింది. పని ఒకటే. ఈసారి పై ఆఫీసుకు రాశాను. ఏం చేశారో నాకు చెప్పలేదు. ఆ ఖాతా మాత్రం వేరే బ్యాంకుకు మారిపోయింది. రాసినందుకు గొప్పగా ఏమీ అనిపించలేదు. ఇరవై ఏళ్ళ కిందట తలెత్తకుండా స్లిప్పు రాసిన ఆ అబ్బాయి గుర్తొచ్చాడు. ఆ రోజు అతనూ తలెత్తలేదు, నేనూ తలెత్తలేదు. అతనికంటే ఒక కారణం ఉంది.