యముడికి మొదటి దండం

మహారాష్ట్రలోని సిరోంచ బస్టాండు దగ్గర చాయ్ తాగుతుంటే ఎవరి ఫోన్లోనో సావిత్రి నాటకంలోని యముడి పద్యం మొదలైంది. నాకు తెలియకుండానే గొంతు సవరించుకున్నాను. చిన్నప్పుడు అంకిసలో ఆ వేషం నాదే. బడిలో మరాఠీ అక్షరాలే నేర్పారు గనక తెలుగు పద్యాలను వాటితోనే నోటుబుక్కులో రాసుకుని బట్టీపట్టాను. మొహానికి నల్లరంగు, బంగారు కాగితం అంటించిన అట్టకిరీటం. పాశమేమో ఎద్దును కట్టే పలుపుతాడు.

వేషంతో పోతుంటే అరుగు మీది ముసలవ్వ ఒకామె పిలిచి, రెండు చేతులూ జోడించింది.

"నన్నెప్పుడు తోల్కపోతవ్ బిడ్డా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు. నాకొచ్చిన పద్యాల్లో దానికి జవాబు లేదు.

ఆ దండం ఎవరికి, నాకా, యముడికా? నాటకంలో రసం మూలపాత్రలోనే ఉంటుందన్నాడు పాత అలంకారికుడు భట్టలొల్లటుడు. చూసేవాడి హృదయంలో ఉంటుందన్న అభినవగుప్తుడు, సొంత సుఖదుఃఖాలు దానికి విఘ్నమన్నాడు. ఆ లెక్కన అవ్వకు దక్కింది రసం కాదు. యముడితో మాట్లాడే వీలు దొరికితే ఆమె దాన్ని వాడుకుంది, అంతే.

మన కథల్లో యముడు మాటకు దొరుకుతాడు. కఠోపనిషత్తులో తన గుమ్మంలో మూడు రాత్రులు పస్తున్న నచికేతుడికి మూడు వరాలిస్తాడు. భారతం అరణ్యపర్వంలో వెంటబడ్డ సావిత్రి మాటలకు మెచ్చి, చివరికి సత్యవంతుణ్ణే వదిలేస్తాడు. తెలుగువాళ్లం ఇంకా చనువు తీసుకుని 'యమగోల' (1977), 'యమలీల' (1994) సినిమాల్లో కైకాల సత్యనారాయణకు ఆ కిరీటం పెట్టి కడుపుబ్బ నవ్వుకున్నాం. ఇదంతా భయాన్ని కప్పిపుచ్చుకోవడమే అనేవాళ్లున్నారు. నేనొప్పుకోను. ఇంట్లోకొచ్చే చావు ఎవరి మాటా వినదు. కాసేపు ఆగి వినేది వేషం కట్టిన యముడొక్కడే.

సిరోంచకు గోదావరి అవతల కాళేశ్వరం గుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్నాయి. ముక్తేశ్వరుడు అందరికీ ముక్తినిచ్చేస్తుంటే పనిలేక యముడు శివుడికి మొరపెట్టుకున్నాడట. శివుడు తన పక్కనే చోటిచ్చి, మొదటి పూజ నీకేనన్నాడట. అందుకే ముందు యముడి లింగమైన కాళేశ్వరుడికి, ఆ తర్వాతే శివుడి లింగమైన ముక్తేశ్వరుడికి మొక్కుతారు. చావును దాటవేసి మోక్షం అడగొద్దన్నదే ఆ వరసకు అర్థమని నాకు తోస్తుంది.

సావిత్రి అడిగింది మొగుడి ప్రాణం. అవ్వ అడిగింది తన వంతు ఎప్పుడని. ఇద్దరూ యముణ్ణి నిలబెట్టే అడిగారు. యముడున్నాడా లేడా అన్న వాదం పండితులు ఎటైనా తేల్చుకోనీ. అవ్వ అడిగిన ప్రశ్న మాత్రం ఏదో ఒకనాడు ప్రతివాడికీ వస్తుంది. గోడకు చెప్పుకుంటే తీరేది కాదది. అడగడానికి ఎదురుగా ఒక మొహం కావాలి.