దాచిన కష్టం



ఉయ్యూరులో కుట్టుమిషన్ మీద సంసారం నెట్టుకొస్తున్న ఒక తల్లిని తలచుకోండి. క్రిస్మస్ దగ్గరపడేసరికి కుట్టవలసిన జాకెట్లు గుట్టగా పడి ఉంటాయి. పగలు ఇంటిపని, రాత్రి మిషన్ పని. కూతురు ఇంటర్ చదువుతోంది. "ఏంటమ్మా, అలా ఉన్నావ్?" అని అడుగుతుంది. "ఏం లేదు, నువ్వు పోయి చదువుకో" అంటుంది తల్లి. ఫీజుకు తెచ్చిన అప్పు సంగతి బిడ్డకు తెలియకూడదని ఆమె తాపత్రయం. ఆ మాట వెనుక ఉన్నది ప్రేమే. అమ్మాయికి మాత్రం "నీతో నాకు పనిలేదు" అన్నట్లు వినబడింది. కొన్నాళ్లకు తల్లి అడుగుతుంది, "ఏమ్మా, అలా ఉన్నావ్?" అని. "ఏం లేదు" అని కూతురు తలుపు వేసుకుంటుంది. ఆ జవాబు ఆమె ఎవరి దగ్గర నేర్చుకుంది?

బిడ్డ మనసు నొచ్చుకుంటుందని కష్టాన్ని దాచటం ధర్మమా? లేక ఉన్నది చెప్పి ఆ లేత భుజాల మీద బరువు పెట్టటం ధర్మమా?

1977 నవంబరు 19 నాటి ఉప్పెన తరువాత దివిసీమ బాధితులను ఓదార్చవచ్చిన పునీత మదర్ తెరెసా గారు మన పెద్దలకు గుర్తే. 1919లో ఆమె తండ్రి మరణించినప్పుడు ఆమె చిన్నపిల్ల. తల్లి డ్రానా కుట్టుపని, అల్లికపని చేసి ముగ్గురు బిడ్డలను పోషించింది. ఆ తల్లికి తీరిక ఎక్కడిది? అయినా దిక్కులేనివారిని చూడబోయేటప్పుడు కూతురిని వెంటబెట్టుకుని వెళ్లేది. 1928లో, పద్దెనిమిదేళ్ల వయసులో, ఆ కూతురు మఠానికి వెళ్లిపోయింది. 1972లో తల్లి కన్నుమూసేదాకా, 44 ఏళ్లు, వారిద్దరూ మళ్లీ కలుసుకోలేదు. కాని తల్లి వెంట నడిచి నేర్చుకున్న పనినే ఆమె జీవితాంతం చేసింది. విడిగా సమయం దొరకని తల్లికి ఇదొక దారి: బిడ్డను తన పనిలోకి, తన కష్టసుఖాల్లోకి పిలుచుకోవటం.

అయితే దీనికో హద్దు ఉంది. అప్పు ఉందని చెప్పటం వేరు, "నీ మూలంగానే ఈ అప్పు" అనటం వేరు. పనిలో చేయివేయమనటం వేరు, చదువు మాన్పించి మిషన్ ముందు కూర్చోబెట్టటం వేరు. ఇబ్బంది చెప్పుకోవటం వేరు, భర్త మీది కోపమంతా కూతురి చెవిలో పోయటం వేరు. నిజం చెప్పండి, నేరం మోపకండి.

ఈ రాత్రి హుక్కులు కుట్టేటప్పుడు అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకోండి. ముందు మీ సంగతి ఒకటి చెప్పండి. ఆమె కూడా ఏదో చెబుతుంది. అది మీకు నచ్చకపోవచ్చు. వెంటనే తీర్పు చెప్పకండి. పన్నెండేళ్ల కుమారుడు దేవాలయంలో అన్న మాట మరియతల్లికి కూడా ఆ వేళ అర్థం కాలేదు. అయినా ఆ తల్లి దానిని మనసులో పదిలపరచుకుంది.

అమ్మాయిలూ, మీకూ ఒక మాట. అమ్మ "ఏం లేదు" అన్నప్పుడు అలిగి వెళ్లిపోకండి. సూదిలో దారం ఎక్కించి ఇచ్చి, మళ్లీ అడగండి.